పాదస్పర్శ గుర్తించబడినది

మనిషి నాలుగు కాళ్ళ నడక మానేసి రెండు కాళ్ళ మీద నిలబడడం నాగరికతకు మొదటి మెట్టయితే, ఆ రెండు కాళ్ళూ నేలకు ఆనించకుండా ఎనిమిది అంకె చుట్టి రావడం ఆఖరి మెట్టని మన ప్రభుత్వం ఏనాడో గుర్తించింది. ఆ మెట్టు ఎక్కినవారికి పేరూ ఫొటో వేసి ఒక కార్డు ఇస్తుంది. ఎక్కలేనివారు అంతకుముందులాగే బండి నడుపుకుంటారు, కాకపోతే కొంచెం బెదురుగా.

ఈ ఆఖరి మెట్టు ఏలూరు శివార్లలో ఉంది. దాని పేరు సమీకృత ద్విచక్ర యోగ్యతా ప్రాంగణం. (సమీకృతం ఎందుకంటే, ఫీజు కట్టే కిటికీ, కట్టినట్టు రుజువు చూపించే కిటికీ ఒకే గోడకు ఉన్నాయి.) మధ్యలో సిమెంటుతో పోసిన పెద్ద ఎనిమిది. దాని ఒళ్ళంతా సెన్సర్లు. చీమ పాకినా పట్టేస్తాయని ప్రారంభోత్సవం నాడు గొప్పగా చెప్పారు. తీరా చీమలు పాకి అభ్యర్థులు పరీక్ష తప్పుతున్నారని తేలాక చీమలమందు చల్లించారు. కొమ్మ నీడ కదిలితే సెన్సరు దాన్ని కాలనుకుంటోందని చెట్లు కొట్టించారు. గొడుగులు నిషేధించారు. పరీక్ష జరుగుతున్నంతసేపూ బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు ఎనిమిది నడుం దగ్గర, తన నీడ తన చెప్పులు దాటి పోకుండా నిటారుగా నిలబడాలని నియమం పెట్టారు. నీడ చెప్పులు దాటకుండా ఉండేది మిట్టమధ్యాహ్నం ఒక్కటే కాబట్టి పరీక్షలన్నీ మిట్టమధ్యాహ్నానికి మార్చారు. ఇలా ఒక్కొక్క నిర్ణయమూ దానికి ముందున్న నిర్ణయాన్ని గౌరవిస్తూ తీసుకున్నదే. ఎక్కడా ఎవరూ తప్పు చెయ్యలేదు.

ఆ ఎండలో రెండుసార్లు పరీక్షకు హాజరై రెండుసార్లూ తప్పిన మనిషి ప్రభావతి.

ప్రభావతిది కొల్లేట్లో నత్తలంక. ఆ ఊరికీ, గట్ల మీదుగా దానికి కలిసే మరి మూడు లంక ఊళ్ళకీ ఆవిడే నర్సమ్మ. (ప్రభుత్వ రికార్డుల్లో ఆవిడ హోదా రెండు వరుసలు పడుతుంది. ఊళ్ళో ఎవరికీ అంత ఊపిరి లేదు.) మొగుడు నెల్సన్ చేపల చెరువుల దగ్గర మేత వేయించే పని చూస్తాడు. అతని మోటారు సైకిలు మీద, వెనక టీకాల పెట్టె కట్టుకుని, పదేళ్ళకు పైగా ఆవిడ ఆ గట్ల మీద తిరుగుతోంది. స్కూటీ కొనుక్కోమని చాలామంది చెప్పారు గాని, దాని చిన్న చక్రాలు వానాకాలం గట్టు మట్టిలో దిగబడితే ఇక వేసవిలోనే బయటికొస్తాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పడలేదు. లైసెన్సు అడిగినవాళ్ళు కూడా లేరు. అడిగే అధికారం ఉన్నవాళ్ళకు ఆ గట్ల మీదికి వచ్చే ధైర్యం లేదు మరి.

అలా సాగిపోతున్న రోజుల్లో పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. క్షేత్రస్థాయి సిబ్బంది భద్రత దృష్ట్యా, మూడో నెలాఖరులోగా గేరు బండి లైసెన్సు చూపించలేని రెగ్యులర్ ఉద్యోగులను గ్రామాల నుంచి ఉపసంహరించి ఏలూరులో కుర్చీ ఇవ్వబడునని అందులో ఉంది. ఫ్యాను కింద కుర్చీ అంటే ఎగిరి గంతేసేవాళ్ళు చాలామందే ఉంటారు. ప్రభావతి మాత్రం ఆ కాగితం చూసి బెంబేలెత్తిపోయింది. ఆవిడ రాకముందు ఆ ఉద్యోగం ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంది. ఆ ఏళ్ళలో ఏ ఇంట్లో ఎవరు జ్వరంతో పోయారో, ఏ బాలింత పడవలోనే కన్ను మూసిందో ఊరంతటికీ ఇప్పటికీ గుర్తే. తను లేచి వెళ్ళిపోతే తన చోటులోకి గాలి తప్ప ఇంకెవరూ రారని ఆవిడకు తెలుసు. ఆ భయంతోనే వెంటనే ఎల్ఎల్ఆర్ తీసుకుని, నెల నిండగానే పరీక్షకు స్లాట్ పెట్టుకుంది.

ఇక్కడ కొల్లేటి గట్ల గురించి ఒక ముక్క చెప్పుకోవాలి. అటూ ఇటూ చేపల చెరువులు, మధ్యన గట్టు. గట్టు మీద ఒక బండి పడుతుంది. రెండోది పట్టాలంటే మొదటిది ఆగాలి. ఆగినవారు ఎడమకాలు నేలకు ఆనించి, బండిని కాస్త పక్కకు వంచి, “బాగున్నారా అండీ?” అంటారు. ఎదుటివారు “ఆఁ, బాగున్నామండీ, మీరో?” అంటారు. అప్పుడు గాని ఎవరి చక్రమూ కదలదు. నడిచొచ్చే పెద్దవాళ్ళు ఎదురైనా ఇదే పద్ధతి. కాలు ఆనించకుండా వెళ్ళిపోతే దాన్ని అక్కడ తొందర అనరు, పగ అంటారు. వెనకటికి ఒకాయన బ్రేకు పోయి, వియ్యంకుడి పక్కనుంచి దూసుకుపోయి చెరువులో పడ్డాడు. వియ్యంకుడే దూకి పైకి లాగాడు గాని, ఆ తర్వాత చాన్నాళ్ళు మాట్లాడ్డం మానేశాడు. బ్రేకు పోయిందని ఎంతమంది చెప్పినా, “బ్రేకు పోతే నోరు కూడా పోతుందా అండీ?” అని ఆయనది ఒకటే మాట.

ఇలాంటి చోట పదేళ్ళు బండి నడిపిన కాలది. అది ప్రభావతి చెప్పినట్టు వినదు. మర్యాద చెప్పినట్టు వింటుంది.

మొదటిసారి ప్రాంగణానికి వెళ్ళినప్పుడు ఆవిడ ఎనిమిదిలో పై సున్నాను నున్నగా చుట్టేసింది. కింది సున్నాలోకి దిగుతుండగా, ఆఫీసుకు టీ పట్టుకెళ్తున్న పెద్దాయన ఒకాయన గట్టు మీద నిలబడ్డట్టే అంచున నిలబడి, “జాగర్తమ్మా,” అన్నాడు. ప్రభావతి ఎడమకాలు దానంతటదే నేలకు ఆనింది.

“అలాగేనండీ. బాగున్నారా అండీ?”

స్తంభానికి కట్టిన మైకులోంచి ఒక ఆడగొంతు, ఏ కోపమూ లేకుండా, “పాదస్పర్శ గుర్తించబడినది. అభ్యర్థి అనర్హులు,” అని ప్రకటించింది.

రెండోసారి ప్రభావతి గట్టిగా ప్రార్థన చేసుకుని వెళ్ళింది. దారిలో ఎవరు కనిపించినా కళ్ళెత్తి చూడకూడదని ఒట్టు పెట్టుకుంది. పై సున్నా పూర్తయింది. టీ పెద్దాయన వచ్చాడు, జాగర్తమ్మా అన్నాడు, ఆవిడ పళ్ళు బిగబట్టి ముందుకు పోయింది. సరిగ్గా అప్పుడే మైకు, “ప్రథమ వలయం పూర్తయినది. అభినందనలు, ప్రభావతి గారూ,” అంది. పేరు పెట్టి, గారూ అని మరీ పిలిస్తే ఎవరైనా ఏం చేస్తారు? ప్రభావతి కాలు ఆనించి, స్తంభం వైపు తిరిగి, “థాంక్సండీ,” అంది.

బ్రేకు ఇన్‌స్పెక్టరు అనుదీప్ గారు ఎండలోంచే విచారంగా తలూపారు. ముప్పై దాటని కుర్రాడు, మెత్తని మనిషి, నిజాయతీపరుడు. (నిజాయతీ లేకపోయి ఉంటే ఈ కథకు ఏదో ఒక దారి దొరికేది.)

“నడపడం బ్రహ్మాండంగా నడుపుతున్నారండీ మేడమ్. కాలే కొంచెం చూసుకోవాలి. ఈసారి కూడా తప్పితే ఆరు నెలలు ఆత్మపరిశీలన కాలం పెడుతుందండీ సిస్టమ్. ఆ ఆరు నెలలూ స్లాట్ ఇవ్వదు.”

“నెలాఖరుకి నన్ను ఊళ్ళలోంచి తీసేస్తారు సార్.”

“అయ్యో,” అన్నారు అనుదీప్ గారు. మనస్ఫూర్తిగానే అన్నారు. సిస్టమ్‌లో అయ్యోకు మీట లేదు.

మిగిలింది ఒక్క అవకాశం. నెల్సన్ వాకబు చేసి భార్యను వట్లూరులో పద్మనాభం గారి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన కాలేజీల వెనక ఖాళీ స్థలంలో డ్రైవింగ్ స్కూలు నడుపుతారు. వాళ్ళ నాన్నగారి హయాంలో అక్కడ కిరాణా కొట్టు ఉండేది. ఆ అలవాటు కొద్దీ ఆయన ఇప్పటికీ విద్యను పొట్లాలు కట్టే అమ్ముతారు. ఎనిమిది విడిగా, చేతి సిగ్నళ్ళు విడిగా, రెండూ కలిపి తీసుకుంటే హెల్మెట్ ఒక పూట పెట్టుకోనిస్తారు.

ప్రభావతి ఆయన ముందు ఎనిమిది చుట్టింది. ఆయన కుర్చీలోంచి కదలకుండా చూసి, “అమ్మా, ఒక్కసారి ఆగండి,” అన్నారు. ఆవిడ ఆగి కాలు ఆనించింది.

“చూశారా?” అన్నారు పద్మనాభం గారు నెల్సన్ వైపు తిరిగి.

“ఏంటండీ?”

“ఆగండన్నాను, ఆగిపోయారు.”

“ఆగమంటే ఆగొద్దా అండీ?” అంది ప్రభావతి.

“అదేనమ్మా మీ జబ్బు. బండి రానివాళ్ళని పది రోజుల్లో పాస్ చేయించానండీ నేను. కళ్ళు ఆనని వాళ్ళని చేయించాను. మర్యాద ఉన్నవాళ్ళతోనే చచ్చే చావు. మీకు మోతాదు మించిపోయిందండీ. దించాలి.”

అలా పద్మనాభం గారి కొట్టులో కొత్త పొట్లం ఒకటి పుట్టింది. దానికి ఆయన నిరాదరణ శిక్షణ అని పేరు పెట్టారు. ఇందులో మూడు తరగతులు. ముందు తెలియనివాళ్ళను పట్టించుకోకపోవడం, తర్వాత తెలిసినవాళ్ళను, చివరగా అయినవాళ్ళను.

మొదటి తరగతికి, పొద్దున్నే నడకకు వచ్చే రిటైర్డు మాస్టార్లను కొందరిని పట్టుకొచ్చి ఎనిమిది మలుపుల్లో నిలబెట్టారు. వాళ్ళ పని, బండి దగ్గరికి రాగానే “బాగున్నావా అమ్మా?” అనడం. ఆవిడ పని, వినిపించనట్టు పోవడం. తొలినాళ్ళలో కాలు ఆగినా తల ఊగేది. తల ఆగితే పెదవి కదిలేది. పెదవిని కూడా అదుపులో పెట్టాక కళ్ళు చెమ్మగిల్లేవి. వారం తిరిగేసరికి ఆవిడ ముఖం సిమెంటు చేసినట్టు తయారైంది. మాస్టార్లు పద్మనాభం గారి దగ్గరికొచ్చి, “అమ్మాయి బాగా నేర్చుకుందండీ. అచ్చం మా ఇంట్లో మమ్మల్ని చూసినట్టే ఉంది,” అని చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

రెండు, మూడు తరగతులు ఇంటి దగ్గర చెయ్యాల్సినవి. ప్రభావతి అత్తగారు సారమ్మ వాకిట్లో చేపలు తోముతూ కూచుంది. విషయం ముందే చెప్పారు. కోడలు బండి మీద వచ్చింది. సారమ్మ తలెత్తి, “వచ్చావామ్మా? అన్నం తిన్నావా?” అంది. కోడలు ఆవిడను గుంజను చూసినట్టు చూసి, చుట్టూ ఎనిమిది చుట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

బండి ఆపి పరుగున వెనక్కొచ్చి, “అత్తమ్మా, ప్రాక్టీసండీ, ఏమనుకోకండి,” అంది.

“ఏమనుకుంటానమ్మా, ప్రాక్టీసని తెలుసుగా,” అంది సారమ్మ చేపను ఇంకా గట్టిగా తోముతూ. “కానీ మొదటిసారికే ఎంత బాగా వచ్చిందో నీకు!”

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక పెద్దాయన ఇస్సాకు లేచి నిలబడ్డాడు. నత్తలంకలో ఏ మంచికైనా చెడ్డకైనా ముందు లేచేది ఆయనే.

“మన నర్సమ్మ మనకి ఉండాలంటే, ఆవిడ మనల్ని పలకరించకూడదంట. గవర్నమెంటు వాళ్ళ రూలు. అందుకని రేపట్నించి ఖాళీగా ఉన్నవాళ్ళందరూ గట్టు మీదికొచ్చి నిలబడండి. నిండుగా పలకరించండి. ఆవిడ మాట్లాడకుండా పోతుంది. ఎవరూ నొచ్చుకోవద్దు. ఇది మన పిల్లల కోసం.”

మర్నాడు గట్టు తిరనాళ్ళలా ఉంది. ఆడవాళ్ళు పెట్టెలోంచి మంచి చీరలు తీసి కట్టుకొచ్చారు. అవమానం జరిగేటప్పుడు నలుగురిలో కాస్త శుభ్రంగా ఉండాలి కదా. ప్రభావతి బండి రాగానే “బాగున్నారా అండీ?” అని ఒక కొస నుంచి రెండో కొస దాకా కేకలు. ఆవిడ నిటారుగా, ఒక్కర్నీ చూడకుండా సాగిపోయింది. ఇస్సాకు అయితే చొక్కా గుండీ పెట్టుకుంటూ మరీ ఎదురొచ్చి, “వందనాలమ్మా,” అన్నాడు. ఆయనకూ జవాబు లేదు. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆయన, “నన్ను చూసి కూడా ఆగలేదయ్యా!” అని అందరికీ గర్వంగా చెప్పుకున్నాడు.

మంచి పద్ధతి ఎక్కడ మొదలైనా మూడో రోజుకి హోదాగా మారుతుంది. నాగరత్నం అనే ఆవిడ ఏకంగా ఇంటికొచ్చి నిలదీసింది.

“ఏవండీ నర్సమ్మగారూ, మా తోడికోడల్ని అంత చక్కగా పట్టించుకోకుండా వెళ్ళారంట. నన్ను చూసి మాత్రం తలూపారు. నేనేం పాపం చేశానండీ? నేను పరాయిదాన్నా?”

తప్పయిపోయిందని చెప్పి, ప్రభావతి మళ్ళీ బండి తీసి, ఆవిడ ఒక్కదాన్నీ ప్రత్యేకంగా పట్టించుకోకుండా వెళ్ళి రావలసి వచ్చింది. నాగరత్నం తృప్తిగా ఇంటికి పోయింది.

అంతా సవ్యంగా నడుస్తోందనగా భాగ్యశ్రీ సంగతి జరిగింది. భాగ్యశ్రీ పక్క లంకలో ఉంటుంది, చిన్నపిల్ల తల్లి. గట్టు మలుపులో పిల్లను భుజాన వేసుకుని నిలబడి, బండి కనపడగానే చెయ్యి ఊపి, “నర్సమ్మగారూ, ఆగండమ్మా!” అని అరిచింది. ప్రభావతి ముఖం సిమెంటు చేసుకుని దాటిపోయింది. బాగా పలకరించింది, నటన అంటే ఇదీ అని మనసులో మెచ్చుకుంది కూడా. చాలా దూరం పోయాక గుర్తొచ్చింది, పక్క లంకలో ప్రాక్టీసు లేదని.

గట్టు మీద బండి తిప్పడానికి చోటుండదు. చివరిదాకా పోయి, తూము దగ్గర తిప్పుకుని రావాలి. ఆవిడ వచ్చేసరికి భాగ్యశ్రీ అక్కడే కూలబడి ఏడుస్తోంది. పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ప్రభావతి మందు పోసి, తడిగుడ్డ వేసి, జ్వరం దిగేదాకా వాళ్ళింట్లోనే కూచుంది. పిల్ల తేరుకుంది. భాగ్యశ్రీ కళ్ళు తుడుచుకుని, “నామీద ఏమన్నా కోపం వచ్చిందేమో అనుకున్నానండీ,” అంది. అంతే అంది. ప్రభావతికి తల కొట్టేసినట్టయింది. ఆ పూట అన్నం సహించలేదు. లైసెన్సు కోసం తనలోంచి ఏదో తీసి పక్కన పెట్టానని, అది మళ్ళీ దొరుకుతుందో లేదో అని భయం వేసింది. అయినా నెలాఖరు దగ్గర పడింది. ఊళ్ళు ఉండాలంటే కార్డు ఉండాలి.

పరీక్ష రోజు పొద్దున్నే టీకాల పెట్టెలో ఐసు ప్యాకులు సర్దుకుని, అటు నుంచి అటే డ్యూటీకి పోవచ్చని పెట్టె బండికి కట్టుకునే ప్రాంగణానికి వెళ్ళింది. నెల్సన్, పద్మనాభం గారు గేటు బయట నిలబడ్డారు. (లోపల నిలబడితే వాళ్ళ నీడలు అభ్యర్థులుగా నమోదవుతాయి.)

మిట్టమధ్యాహ్నం ఆవిడ పేరు పిలిచారు. అనుదీప్ గారు ఎనిమిది నడుం దగ్గర, నీడను చెప్పుల కింద తొక్కిపట్టి నిలబడి ఉన్నారు. ఆవిడకు ముందు పిలిచిన అభ్యర్థులందరి పరీక్షలూ అయ్యేదాకా ఆయన అలాగే నిలబడి ఉన్నారు. ముఖం తెల్లకాగితంలా ఉంది.

ప్రభావతి బయల్దేరింది. టీ పెద్దాయన జాగర్తమ్మా అన్నాడు. ఆవిడకు వినిపించలేదు. పై సున్నా పూర్తయింది. “అభినందనలు, ప్రభావతి గారూ,” అంది మైకు. ఆవిడ మైకును ఒక స్తంభంగా మాత్రమే చూసింది. గేటు బయట పద్మనాభం గారు తన విద్యకు తానే పొంగిపోయి నెల్సన్ చెయ్యి పట్టుకుని ఊపేశారు. కింది సున్నా సగం అయింది. ఇక నడుం దాటి బయటికి వస్తే ఊళ్ళు ఆవిడవే.

అప్పుడు అనుదీప్ గారు నిలబడ్డ చోటే ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు ఊగి, ఫైలుతో సహా కింద పడిపోయారు.

ఆయన పడ్డది దారికి అడ్డంగా కాదు, పక్కన. దాటిపోవడానికి కావలసినంత చోటుంది. నియమావళి ప్రకారం చూసినా, మార్గం వెలుపల ఉన్న వస్తువులతో అభ్యర్థికి సంబంధం లేదు. వారాల తరబడి నేర్చుకున్న విద్యంతా ప్రభావతి చేతుల్లోకి వచ్చి బండిని ముందుకే పట్టుకుంది. ఆ క్షణంలో ఆవిడకు గట్టు మలుపులో పిల్లను భుజాన వేసుకున్న భాగ్యశ్రీ కనిపించింది. ఇంకొకసారి అలా దాటిపోతే తను బతికున్నన్నాళ్ళూ తన ముఖం తను చూసుకోలేననిపించింది.

ఎడమకాలు ఆనింది. తర్వాత కుడికాలు కూడా.

“పాదస్పర్శ గుర్తించబడినది,” అంది మైకు.

ఆవిడ పరుగెత్తుకెళ్ళి ఆయన చంకల కింద చేతులు వేసి లాగడం మొదలుపెట్టింది. టీ పెద్దాయన గ్లాసులు పడేసి వచ్చి ఒక పక్క పట్టుకున్నాడు. ఒక్కొక్క అడుగుకూ మైకు, “పాదస్పర్శ గుర్తించబడినది,” అంటూనే ఉంది. ఈడ్చుకొస్తున్న అనుదీప్ గారి మడమలను కూడా వదల్లేదు. చెట్లన్నీ కొట్టించారు కనుక నీడ కోసం గేటు బయటికి, పద్మనాభం గారు కారు ఆపుకున్న చెట్టు కిందికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ప్రభావతి చొక్కా గుండీలు విప్పి, పెట్టెలోంచి ఐసు ప్యాకులు తీసి మెడకూ చంకలకూ పెట్టింది. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచారు. ఆవిడ ఉప్పూ పంచదార కలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించింది.

ఆయన మొట్టమొదట అన్న మాట, “పూర్తి చేశారా అండీ?”

“లేదు సార్. ఆగాను.”

“అయ్యో, కొంచెమే కదండీ మిగిలింది. అది కానిచ్చేసి వచ్చుంటే పాసయిపోయేవారు మేడమ్.”

“ఈలోగా మీకేమన్నా అయ్యుంటే, నా కాగితం మీద సంతకం ఎవరు పెట్టేవారు సార్?”

అనుదీప్ గారు నీరసంగా ఆలోచించారు. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు.

“దానికేముందండీ,” అన్నారు. “ఇన్‌చార్జి వచ్చేవారు.”

ఫలితం మార్చడానికి ఆయన ప్రయత్నించకపోలేదు. ఫోనులో చూసి, మనిషిని కాపాడినట్టు రాయడానికి గడి ఎక్కడుందా అని వెతికారు. ఆగిన కారణాల్లో పెట్రోలు అయిపోవడం ఉంది, పశువులు అడ్డు రావడం ఉంది, అధికారి పడిపోవడం లేదు. పశువులు అని నొక్కడానికి ఆయనకు మనసొప్పలేదు. సిస్టమ్ ఈలోగా పాదస్పర్శలన్నీ లెక్కగట్టి, ప్రాంగణం చరిత్రలోనే అతి ఎక్కువసార్లు కాలు పెట్టిన అభ్యర్థిగా ప్రభావతిని ప్రకటించి, ఆరు నెలల ఆత్మపరిశీలన మొదలుపెట్టేసింది.

ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పద్మనాభం గారి కారు డ్రైవింగ్ స్కూలుది కాబట్టి సహజంగానే కదల్లేదు. మిగిలింది ప్రభావతి బండి. లైసెన్సు లేనివారి బండిని అధికారి ఎక్కడం నిబంధనలకు విరుద్ధం అని అనుదీప్ గారు గొణిగారు. స్పృహలో లేని అధికారి గురించి నిబంధనల్లో ఏమీ లేదని గుర్తొచ్చి, వాటిని గౌరవిస్తూ మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. మధ్యలో ఆయన, వెనక నెల్సన్ పట్టుకుని, ముగ్గురూ వెళ్ళారు. ఆయన సాయంత్రానికి కోలుకున్నారు.

నెలాఖరున ప్రభావతికి ఏలూరులో కుర్చీ ఇచ్చారు. దాని మీద ఫ్యాను కూడా ఉంది. ఆవిడ స్థానంలో లంక ఊళ్ళకు లైసెన్సు ఉన్న ఉద్యోగి ఒకాయన్ని వేశారు. ఎనిమిది చూడముచ్చటగా చుడతారని పేరు. ఆయన గట్టు మొదట్లో బండి ఆపి, రెండు పక్కలా నీళ్ళు చూసి, సదరు మార్గంలో ఎనిమిది చుట్టుటకు స్థలము లేదని రాసి పంపించి, దీర్ఘకాల సెలవులో వెళ్ళిపోయారు. ఉద్యోగం ఖాళీ అయింది. ఖాళీ అయిన ఉద్యోగానికి, ఆఫీసులో అందుబాటులో ఉన్న సిబ్బందిలో అనుభవం ఉన్నవారిని ఇన్‌చార్జిగా వెయ్యాలి. అనుభవం ఉన్నవారు ఒక్కరే ఉన్నారు. లైసెన్సు ఉత్తర్వు రెగ్యులర్ ఉద్యోగులకే గాని ఇన్‌చార్జిలకు వర్తించదని అదే సంతకంతో వివరణ కూడా వచ్చింది.

కనుక ఇప్పుడు ప్రభావతి పొద్దున్నే నత్తలంక నుంచి ఏలూరు వచ్చి, కుర్చీలో సంతకం పెట్టి, ఇన్‌చార్జిగా అదే బండి మీద మళ్ళీ లంకలకు వెళ్ళి, సాయంత్రం కుర్చీ దగ్గరికొచ్చి ఇంకో సంతకం పెట్టి, ఇంటికి పోతోంది. సిబ్బంది భద్రత విషయంలో జిల్లా ముందంజలో ఉందని ఆ త్రైమాసికం నివేదికలో రాశారు.

మొన్న గట్టు మీద ఇస్సాకు ఎదురయ్యాడు. ప్రభావతి బండి ఆపి ఎడమకాలు ఆనించింది. ఎన్నాళ్ళ తర్వాతో ఆ కాలు తన చోటు తను వెతుక్కున్నట్టు హాయిగా ఆనింది.

“వందనాలు బాబాయి గారూ. బాగున్నారా అండీ?”

“ఆఁ, బాగున్నానమ్మా, నువ్వో? ఈ మధ్య కళ్ళు తిరుగుతున్నాయి గాని.” ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “నిన్ను ఏలూరు మార్చేశారంట కదా. మరి మన ఊళ్ళకి నర్సమ్మని ఎవర్నన్నా వేశారా?”

“లేదండీ, ఖాళీగానే ఉందండీ,” అని, ప్రభావతి పెట్టెలోంచి బీపీ పట్టీ తీసి ఆయన చేతికి చుట్టింది.